పిలగాడు ఆఫీసుల ఉన్నడు

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా మేడ మీది గదికి కొత్తగా ఏసీ బిగించి ఉంటే, లోపల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నట్టు లెక్క. కింద వాకిట్లో తల్లి మూతి మీద వేలు పెట్టుకుని పాలాయనకు సైగ చేస్తుంది. “మెల్లగ మాట్లాడు, పిలగాడు ఆఫీసుల ఉన్నడు.” ఆ ఆఫీసుకూ వంటింటికీ మధ్య ఉన్నవి మెట్లే. మనిషి మాత్రం చీకటి పడితే గానీ దొరకడు. ఒక్కోసారి చీకటి పడ్డాకా దొరకడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే వీళ్లంతా మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు చేరారు. మొదటి నెల పక్కింటాయన “సెలవులా?” అన్నాడు. రెండో నెల “ఎప్పుడు పోతున్నవ్?” అన్నాడు. ఆర్నెల్లకు గొంతు తగ్గించి, “కంపెనోళ్లు తీసేసిండ్రా బిడ్డా?” అని పరామర్శించాడు. 2023 అక్టోబరు నుంచి వారానికి 5 రోజులు ఆఫీసుకు రావాలని టీసీఎస్ అనేసరికి ఆ ఉద్యోగులు తిరిగి బస్సెక్కారు. రానక్కర్లేదన్న కంపెనీల వాళ్లు మేడ మీద మిగిలారు.

వాళ్ల కోసం ప్రభుత్వాలు పడుతున్న ఆరాటం అంతా ఇంతా కాదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలూ వేశారు. 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ప్రయోగాత్మకంగా కనెక్షన్లు మొదలయ్యాయి. పక్క రాష్ట్రంలో చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో, ఇంటి నుంచి పని ముఖ్యంగా ఆడవాళ్లకు మేలు చేస్తుందని, కొత్త ఐటీ పాలసీతో మండలాల దాకా ఆఫీసు స్థలాలు వస్తాయని చెప్పారు. పని ఊళ్లోకి రావడానికి దారి సుగమమైంది. పని చేసినవాడు మెట్లు దిగి ఎటు పోవాలో ఏ శాఖా చెప్పలేదు.

చెప్పలేదంటే కళ్లు పోతాయి. బోర్డు పెట్టారు కదా! 2020లో ఊరికో పల్లె ప్రకృతి వనం వచ్చింది. 2022 జూన్ 2న, రాష్ట్రావతరణ దినాన, తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. చూడాలంటే ఊరి చివరకు, కొన్నిచోట్ల శ్మశానం పక్కకు పోవాలి. ఇనుప కమాను నిటారుగా నిలబడి ఉంటుంది, రంగు కూడా పెద్దగా పోలేదు. లోపల వాలీబాల్ స్తంభాలు రెండూ ఎదురుబొదురుగా ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి, మధ్యలో వల లేదు. లాంగ్‌జంప్ కోసం పోసిన ఇసుకలో మేకలు పడుకుంటాయి. పుల్-అప్స్ కడ్డీ ఒక్కటే నిత్యం వాడకంలో ఉంది, దాని మీద ఎవరిదో దుప్పటి ఆరుతుంటుంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ట్రాక్టరుకు డీజిల్ పోయించడమే గగనమైనప్పుడు వనంలో మొక్కకు నీళ్లెవరు పోస్తారు?

పోనీ, స్కూలు గ్రౌండులో కుర్రాళ్లు ఆడుకునే ఆటకు పోదామంటే పొద్దు కలవదు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 అయితే ఇక్కడ సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఊరంతా పని ముగించి అరుగు మీదికి చేరే వేళకు మేడ మీద “గుడ్ మార్నింగ్” వినిపిస్తుంది. గ్రామదేవత మైకు, కోడి కూత, కరెంటు కోత అన్నీ దాటుకుని ఆ గుడ్ మార్నింగ్ న్యూజెర్సీకి చేరాలి. అతను మ్యూట్ మీద వేలు తీయకుండా బతకడం నేర్చాడు, ఊరితో కూడా అలాగే ఉంటున్నాడు.

శనివారం వస్తే మాత్రం ప్రకృతి గుర్తొస్తుంది. తెల్లారకముందే కారు తీసి లక్నవరం పోతాడు. టికెట్టు కొని, వేలాడే వంతెన మీద నిలబడి, గణపతిదేవుడి కాలంనాటి చెరువును వెనక పెట్టుకుని ఫోటో దిగుతాడు. అతని సొంతింటి వెనక కూడా కాకతీయులనాటి చెరువే ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద దానికి పూడిక తీశారు, కట్ట వెడల్పు చేశారు. తుమ్మచెట్లు కొట్టేసిన ఆ కట్ట మీద పొద్దున నడిస్తే ఒక్క రూపాయి అడిగేవాడు లేడు. టికెట్టు లేని చోట ప్రకృతి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదేమో!

మేడ మీది అమ్మాయి సంగతి వేరు. ఆమె కట్ట మీద ఒంటరిగా నడిస్తే సాయంత్రానికల్లా ఊళ్లో నాలుగు సంబంధాలు, ఆరు అనుమానాలు పుడతాయి. వాలీబాల్ జట్టులో ఆమెకు చోటు లేదు, వనం గేటుకు తాళం. బతుకమ్మ తొమ్మిది రోజులే ఆమెకు దక్కే ఆరుబయలు. సద్దుల నాడు గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లకు రెండు చేతులూ కావాలి కనుక ఫోను నడుముకు దోపి, పూలు తురుముకున్న జడ చాటున ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటుంది. ఉయ్యాలో అన్నప్పుడల్లా మీటింగులో మ్యూట్ ఉందో లేదో చూసుకుంటుంది.

సిక్కింలో పాక్యోంగ్ జిల్లా యాక్టెన్ అనే ఊరిని 2025 జులైలో ఇలాంటి ఉద్యోగుల కోసమే తీర్చిదిద్దారు. పర్యాటకులు రాని నెలల్లో ఖాళీగా ఉండే హోమ్‌స్టేలకు ఇంటర్నెట్టు, కరెంటు ఆసరా సమకూర్చి, బయటివాళ్లను పిలిచారు. అక్కడ పరాయివాడు వచ్చి ఊరి ఇంట్లో ఉంటాడు. ఇక్కడ ఊరివాడు వచ్చి సొంతింట్లో పరాయివాడిగా ఉంటాడు. అద్దె కూడా రాదు.

చివరికి 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకానే కాబట్టి అమెరికాకు అడ్డం రాలేదు. మేడ దిగిన పిలగాడు క్యూలో నిలబడ్డాడు. ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, నఖశిఖ పర్యంతం చూసి, “నువ్వు కంపూటర్ల పనే చేస్తవ్ గద? పట్టాబుక్కుల మా నాయిన పేరు తప్పు పడ్డది. ధరణి పాయె, భూభారతి వచ్చె, తప్పు తప్పే ఉన్నది. జర సరిజెయ్యి” అన్నాడు.

“నాది అసొంటి పని కాదు పెద్దనాయినా, నేను టెస్టింగ్ చేస్త.”

“గట్లనా? అయితే గదే టెస్టు చేసి ఎక్కడ ఆగిందో జెప్పు. సాయంత్రం వస్త, మేడ మీదికే.”