పేరున్న తుఫానులు, దారి లేని నీళ్ళు

మా రోజుల్లో తుఫానుకి ముందుగా పేరు పెట్టేవాళ్ళు కాదు. వచ్చి, కొట్టి, పోయాక ఏ ఊరు ఏడిస్తే ఆ ఊరి పేరే దానికి మిగిలేది. బందరు ఉప్పెన, దివిసీమ ఉప్పెన, కోనసీమ తుఫాను. ఇప్పుడో? 2004 నుంచి చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి, పుట్టబోయే తుఫానులకి ముందే పేర్ల జాబితా రాసిపెట్టుకుంటున్నాయి. హుద్‌హుద్, తిత్లీ, మిచాంగ్, మొంథా... నోరు తిరిగేలోపు తీరం దాటిపోతాయి. ఇక టీవీలో ఆ సంబరం చూడాలి, బారసాల జరుగుతున్నట్టే. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, గొడుగు ఎగిరిపోతుంటే, "మీరు చూస్తున్నారు" అని అరుస్తాడొక కుర్రాడు. చూస్తూనే ఉన్నాం నాయనా, ముందు నువ్వు గట్టెక్కు.

మా రోజుల్లో వాన కబురంటే రేడియోనే. ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని వార్తల్లో చదివేవాళ్ళు. రేవులో పగలైతే స్తంభానికి గుర్తులు, రాత్రయితే ఎర్రదీపాలు, తెల్లదీపాలు. నంబరు పదికి పోయిందంటే పెద్దవాళ్ళు పశువుల పలుపులు విప్పేసేవాళ్ళు. మిగతాదంతా కళ్ళతో, చెవులతో కనిపెట్టుకోవడమే. కార్తీకమాసంలో గాలి ఈశాన్యానికి తిరిగి ఆగకుండా కొడుతుంటే, సముద్రం హోరు మామూలుగా వినపడని ఊళ్ళోకి కూడా వినపడుతుంటే, ముసలివాళ్ళు అరుగుల మీద నిద్రపోయేవాళ్ళు కాదు. ఇవాళ మా మనవడు ఫోనులో ఎర్రగా తిరిగే సుడి చూపించి, "తాతయ్యా, రేపు సాయంత్రానికల్లా" అంటాడు. ఒరే, కిటికీ తీసి ఆకాశం చూడరా అంటే, "దేనికి, ఇందులో కనిపిస్తోందిగా" అంటాడు.

ఇంత సణుగుతున్నానని మా రోజులే బంగారమని ఎవరూ అనుకోకండి. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీద సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి వచ్చిపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, నాలి లాంటి ఊళ్ళలో పూరిళ్ళ ఆనవాళ్ళే మిగల్లేదు. చెట్లు కూలి, తీగలు తెగి, లోపల ఏం జరిగిందో బయటివాళ్ళకి వెంటనే తెలియను కూడా లేదు. తాటిచెట్లు కరుచుకున్నవాళ్ళు కొందరు బతికారు. ప్రభుత్వం లెక్కలోనే పోయినవాళ్ళు పది వేల పైమాట. 1864 బందరు ఉప్పెనలో ముప్ఫై వేలమంది పోయారని మా పెద్దలు చెబితే వినడమే గానీ, మా కళ్ళతో అంతటిది చూస్తామని అనుకోలేదు.

ఆ తరవాతే తీరం వెంబడి తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే నెలలో దాదాపు అదే తీరాన్ని మళ్ళీ పెద్ద తుఫాను కొట్టింది. ఈసారి లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరితోటలకి తోటలే పడుకున్నాయి, ప్రాణాలు మళ్ళీ వెయ్యి దాటి పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నంలో చెట్టన్నది నిలవనివ్వలేదు, సెల్‌టవర్లు పడగొట్టింది, తనని కనిపెడుతున్న రాడారునే మూగబోయేలా చేసింది. అయినా పోయినవాళ్ళ సంఖ్య పదుల్లోనే ఆగింది. కబురు అందించడంలో, జనాన్ని కదిలించడంలో ఇప్పటివాళ్ళు మాకంటే వెయ్యిరెట్లు నయం. అందుకు దండం పెడతాను. నా గొడవంతా నీళ్ళ సంగతి.

మా రోజుల్లో ఇల్లు కట్టాలంటే మేస్త్రీ కంటే ముందు ఊళ్ళో ముసలాయన్ని పిలిచేవాళ్ళు. "బాబాయ్, ఫలానా ఏడు వరదలో నీళ్ళు ఎందాకా వచ్చాయి?" అని అడిగి, ఆయన కర్రతో గీసిన గీతకి పైన పునాది లేపేవాళ్ళు. లంకల్లో మెరక చూసుకుని కట్టేవాళ్ళు. పల్లంలో కట్టేవాణ్ణి చూసి ఊరు నవ్వేది. ఎండాకాలం కాలువలు కట్టేశాక పూడిక తీసేవాళ్ళు, మురుగు కాలువల్లో గుర్రపుడెక్క, తూటుకాడ పీకేసేవాళ్ళు. వానొస్తే నీళ్ళు ఎటు పోవాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇప్పుడు స్థలం కొనేవాడు తూర్పు ఫేసింగా అని అడుగుతాడు, ఈశాన్యం పెరిగిందా అని టేపు పెట్టి కొలుస్తాడు, బ్యాంకు లోను వస్తుందా అని వాకబు చేస్తాడు. పక్కనున్న వాగు పొంగితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయని మాత్రం అడగడు. అమ్మేవాడు చెప్పనే చెప్పడు.

2024 సెప్టెంబరులో విజయవాడ సంగతే చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే ఊరంతా ఆ నది వంకే చూస్తోంది. ముంచింది మాత్రం వెనకనుంచి వచ్చిన బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి, బెజవాడని ఒరుసుకుంటూ కొల్లేరుకి పోయే వాగు అది. ఊరిని కాపాడదామని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కొంత నీటిని కృష్ణలోకి మళ్ళించారు. బాగానే ఉంది. కానీ కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్ళని తీసుకునేదెవరు? మళ్ళింపు కాలువకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజులకొద్దీ నీళ్ళలో నానాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచారు, మిలిటరీ వచ్చి గండ్లు పూడ్చడానికి చెయ్యి వేసింది. డ్రోన్లని చూసి ముచ్చటపడ్డాను, నిజమే. కానీ ఆ ఇళ్ళన్నీ లేచిన చోట ఒకప్పుడు బుడమేరు పొర్లి, పరుచుకుని, తీరిగ్గా దిగేది. దాని పడక మనం తీసుకుని, మన ఇంట్లో దూరిందని దాన్ని తిట్టడమేమిటి?

కొల్లేరు కథా అంతే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదని కడుపులో దాచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రంలోకి వదిలే సరస్సు అది. దాని పొట్టకి అడ్డంగా చేపల చెరువుల గట్లు కట్టారు. 2006లో ప్రభుత్వమే గట్లు కొట్టించాల్సి వచ్చింది. తీరంలో మడ అడవులదీ అదే రాత. మడ ఉన్నచోట అల జోరు తగ్గుతుందని బెస్తవాళ్ళు ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పేవాళ్ళు. చాలాచోట్ల మడ పోయి రొయ్యల చెరువులొచ్చాయి. డబ్బూ వచ్చింది, కాదనను. అల వచ్చిన రోజున ఆ డబ్బు అడ్డం నిలబడుతుందా?

పైగా రోజులు కూడా మారాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అందుకే వారంపాటు ముసురుపట్టి కురిసే వాన ఒక్క రాత్రిలో కుమ్మరించేస్తోంది. మా రోజుల్లో కంటే నీళ్ళు ఎక్కువ పడే కాలంలో, మా రోజుల్లో కంటే వాటికి దారి తక్కువ చేశాం. ఎన్ని యాప్‌లున్నా ఈ తప్పుకి విరుగుడు లేదు. ఫోను నీళ్ళొస్తున్నాయని చెబుతుందేగానీ వాగు పూడిక తియ్యదు.

కాబట్టి బాబూ, రేపు స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు వాస్తు సిద్ధాంతినీ తీసుకెళ్ళండి, వద్దనను. కానీ బయానా ఇచ్చే ముందు ఆ వీధిలో పాత కాపురం ఎవరిదో కనుక్కుని, నీళ్ళు ఏ మెట్టుదాకా వచ్చాయని ఒక్క మాట అడగండి. మాలాంటి ముసలివాళ్ళం ఇంకా కొంతమందిమి ఉన్నాం. అడిగితే చెబుతాం. అడక్కపోయినా చెబుతాం, మాకున్న పనే అది. వినండి.