ఇసుక మీద కచేరీ

తెలుగువాడికి పాట వినడంలో రెండే పద్ధతులు తెలుసు. మొదటి వరసలో కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ, గాయకుడి గమకం ఎక్కడ జారుతుందా అని కాచుకోవడం ఒకటి. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు గుండె అదిరేలా నిలబడ్డం రెండోది. ఇవి కాక మూడో పద్ధతి ఉంది, సగం చెవితో వినడం. కళ్ళు సముద్రానికీ, నోరు వేపుడుకీ, మిగిలిన చెవులు పక్క టేబులు వాళ్ళ తగాదాకీ అప్పగించి, ఆ సగం చెవి మాత్రం పాటకి ఇవ్వాలి. ఈ విద్య గోవాలో నేర్పుతారు. అదీ బాగా బీచి, కలంగూట్ వైపు కాదు, అక్కడ మళ్ళీ మన డీజే పెట్టెలే. దక్షిణాన, కోల్వా దాటి బెనౌలిం వైపు వెళ్ళాలి.

అక్కడ ఒడ్డునుండే పాకల్ని షాక్‌లంటారు. వెదురు గడలు, తడికలు, నేలంతా ఇసుక. వానలు వెళ్ళాక వేస్తారు, మళ్ళీ వానలొచ్చేలోపు పీకేస్తారు. కూర్చున్నకొద్దీ కుర్చీ కాళ్ళు ఇసుకలోకి దిగుతుంటాయి గనక, ఆర్డరిచ్చినప్పటి ఎత్తులో బిల్లు కట్టేటప్పుడు ఉండం. ఓ మూల ఒక్కడే మనిషి. గిటారు, మెడకి తగిలించిన మౌతార్గాన్, లాప్‌టాప్, స్టూలు మీద డబ్బులెయ్యడానికో గాజు సీసా. జాన్ డెన్వర్ పాడతాడు, ఈగల్స్ పాడతాడు. లేటెస్టు అంటే 1980లలో వచ్చిన బ్రయాన్ ఆడమ్స్.

ఎవరూ అతన్ని చూడరు. అలాగని ఎలా పడితే అలా పాడితే కుదరదు. అపస్వరం పడితే తలలు లేస్తాయి. మరీ గొప్పగా పాడినా లేస్తాయి, చేతిలో గ్లాసు చేతిలోనే ఆగిపోతుంది, అది యజమానికి నష్టం. ఈ రెండింటి మధ్యా సాయంత్రమంతా నడవాలి. ఎరిక్ సతీ అనే ఫ్రెంచి స్వరకర్త 1917లోనే ఇలాంటిదానికి ఫర్నిచర్ సంగీతమని పేరు పెట్టాడు. గదిలో కుర్చీ ఉన్నట్టు ఉండాలిట, అంతే. నన్నడిగితే త్యాగరాజ ఆరాధనలో పాడ్డం కన్నా ఇదే కష్టం. ఈ మాట కాకినాడలో అంటే తంతారు.

తన్నేవాళ్ళలో మా బాబాయి ముందుంటాడు. రిటైరైన లెక్కల మాస్టారు. సరస్వతీ గానసభలో కచేరీ అంటే పెళ్ళి భోజనం మానుకునైనా వెళ్ళేవాడు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు చెప్పేటప్పుడు ఇప్పటికీ చెప్పులు విడుస్తాడు. అలాంటి మనిషిని, పిన్నితో సహా, షాక్‌లో కూర్చోబెట్టాను.

ముందు వాసనతో మొదలైంది. "ఏరా, ఎవరో కషాయం కాస్తున్నారేంటి?" అన్నాడు. ఫెని బాబాయ్, జీడిమామిడి పండు రసంతో కాస్తారు, 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది అన్నాను. "పలాసలో గింజ తీసుకుని పండు పారేస్తారు గదరా, వీళ్ళు పండు కూడా వదల్లేదన్నమాట!" అని మెచ్చుకుని తనకి మాత్రం కోకం షర్బత్ చెప్పాడు.

ఇంతలో పాట మొదలైంది. బాబాయి లేచి, తన కుర్చీ ఎత్తుకుని, గాయకుడికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో వేసుకుని, బాసింపట్టు వేశాడు.

పాపం ఆ మనిషి బెదిరిపోయాడు. తన వైపే కళ్ళార్పకుండా చూసే శ్రోత అతనికి అదివరకు తగిలినట్టు లేడు. మధ్యలో డ్రమ్స్ మోగేసరికి బాబాయి అటూ ఇటూ వెతికి, "మృదంగం ఎవరయ్యా?" అని అడిగాడు. అతను లాప్‌టాప్ చూపించాడు. "తని ఆవర్తనం ఎప్పుడు వాయిస్తుంది?"

హోటల్ కాలిఫోర్నియా అయ్యాక, ఇది ఏ రాగమని ప్రశ్న. బి మైనర్ సార్ అన్నాడతను. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "20వ మేళకర్త నఠభైరవి అనుకున్నాను. కానీ నడుమ గిటారు మీద కాకలి నిషాదం పడింది. అక్కడ 21వది, కీరవాణి తొంగి చూసింది. తెలిసే వేశావా, చెయ్యి జారిందా?" అతను తెలిసే వేశానన్నాడు. అనకపోతే ఏమయ్యేదో!

అప్పుడు కదిలింది అసలు కబురు. గురువెవరంటే, చర్చి బడిలో నేర్చుకున్నానన్నాడు, తాతగారు వయొలిన్ వాయించేవారుట. 1961 దాకా సాగిన పోర్చుగీసు ఏలుబడిలో ఊరి చర్చి బళ్ళు పిల్లలకి స్వరాలూ వయొలినూ నేర్పేవి. అలా నేర్చినవాళ్ళే తర్వాత బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలు నింపారు. వాళ్ళలో ఒకరైన ఆంథోనీ గొన్సాల్వెస్‌ది ఈ తీరంలోనే ఉన్న మజోర్డా. ఆయన శిష్యుడైన ప్యారేలాల్, జోడీ లక్ష్మీకాంత్‌తో కలిసి సంగీతమిచ్చిన 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథోనీ'లో, అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి చెప్పుకునే పేరు ఈ గురువుగారిదే.

బాబాయి పొంగిపోయాడు. "మనకి మాత్రం వయొలిన్ ఎక్కణ్ణించొచ్చిందిరా? బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర నేర్చాడు కాబట్టి ద్వారం వారి దాకా వచ్చింది. ఈ అబ్బాయీ మనమూ దాయాదులం!" అక్కణ్ణించి ప్రతి చరణానికీ భళా, శభాష్. మిగతా టేబుళ్ళవాళ్ళు కూడా, ఈ పెద్దాయన ఏం వింటున్నాడో చూద్దామని ఇటు తిరిగారు. గ్లాసులు ఆగాయి. గల్లాపెట్టె దగ్గర యజమాని లేచి నిలబడ్డాడు. గాయకుడు మాత్రం వెన్ను నిటారు చేసి, అప్పటిదాకా దాచుకున్న గొంతంతా బయటికి తీశాడు. బాగా పాడాడు, నిజం చెప్పాలి. మా టేబులు మీద రొయ్యలు చల్లారిపోయేటంత బాగా.

ఈ గొడవలో పిన్ని ఒక్కతే, సముద్రం కేసి చూస్తూ, మా ఆవిడకి తోటికోడలి నగల సంగతి చెబుతూ, బంగాళాదుంపల వేపుడు తింటూ, కాలి బొటనవేలితో ఇసుకలో తాళం వేసింది. ఒక్కసారి తప్పలేదు. ఆ షాక్ కట్టింది పిన్నిలాంటివాళ్ళ కోసమే.

పది కొట్టగానే మైకు ఆగిపోయింది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. మంగళం పాడకుండా కచేరీ ముగించడమేమిటని బాబాయి కాసేపు రుసరుసలాడాడు. జేబులోంచి నూటపదహార్లు లెక్కపెట్టి సీసాలో వేశాడు. చిల్లర గలగలకి బీచి కుక్కలు లేచాయి. తర్వాత, సభ అన్నాక సన్మానం ఉండాలి కదా అని, పిన్ని చలిగాలికి కప్పుకున్న మా లాడ్జి తువ్వాలు లాక్కుని, మడత పెట్టి, "కళాప్రపూర్ణ" అంటూ ఆ అబ్బాయి భుజాన కప్పేశాడు. అతను రెండు చేతులూ జోడించాడు. ఎవరో ఫోటో కూడా తీశారు.

పొద్దున గది ఖాళీ చేస్తుంటే రూంబాయ్ తువ్వాళ్ళు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందన్నాడు. బాబాయి ఏమాత్రం తొణక్కుండా, "సన్మానం ఖర్చు కింద రాసుకోవయ్యా" అన్నాడు. రాసుకున్నారు. కట్టింది నేను.