నీవల్ల కాదులే

బుజ్జికి ఇరవై నాలుగేళ్లు. తాతగారి పేరూ తిరుపతి వెంకన్న పేరూ కలిపి పెట్టిన పొడుగాటి పేరొకటి ఆధార్ కార్డులో ఉందిగానీ, అది బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గడ్డం ట్రిమ్ చేయించుకుని గుడివాడ బస్టాండులో ఠీవిగా నిలబడి ఉంటాడా, వెనకనుంచి వాళ్లమ్మ "ఒరే బుజ్జీ, పెరుగన్నం డబ్బా మర్చిపోయావు నాన్నా" అని కేక పెడుతుంది. ఆ రోజుకి మొదటి అవమానం అది. అప్పటికింకా ఎనిమిదిన్నరే.

గుడివాడ మొదలుకొని నాగాయలంక దాకా ఏ కాలవగట్టు మీద నిలబడి "బుజ్జీ" అని పిలిచినా ముగ్గురు కుర్రాళ్లు తిరిగి చూస్తారు. అందులో ఇద్దరు అప్పటికే ఎవరిమీదో అలిగి ఉంటారు. మూడోవాడు అలగబోతూ ఉంటాడు. మా వైపు దీన్ని జబ్బు కింద ఎవరూ జమకట్టరు. "మావాడికి కాస్త రోషం ఎక్కువండీ" అని తల్లిదండ్రులు చెప్పుకునేప్పుడు గొంతులో దిగులేమీ వినపడదు. సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లకి ఎకరాలు చెప్పే గొంతు అది.

మన బుజ్జి కథంతా ఒక సాంబారు బకెట్టు దగ్గర మొదలైంది. గుడివాడలో దగ్గర చుట్టాల పెళ్లి. క్యాటరింగువాళ్లున్నా, మన పిల్లలు నలుగురు వడ్డిస్తే నిండుగా ఉంటుందన్నారు పెద్దలు. బుజ్జి పంచె ఎగ్గట్టి బకెట్టు అందుకున్నాడు. ఏడో విస్తరి దగ్గర గరిటె వణికి నాలుగు చుక్కలు ఎవరిదో పట్టుచీర మీద పడ్డాయి. పక్కనే అప్పడాలు వేస్తున్న బందరు మేనమామ "నీవల్ల కాదులేరా బుజ్జీ, ఇలా తే" అని బకెట్టు అందుకుని ముందుకెళ్లిపోయాడు. పంక్తి చివరికి చేరేసరికి ఆయన ఆ మాట మర్చిపోయాడు. బుజ్జి మాత్రం ఉత్తచేతులతో ఏడో విస్తరి దగ్గరే నిలబడిపోయాడు. ఎదుటి వరసలో ఇద్దరమ్మాయిలు నవ్వారు. వాళ్లు నవ్వింది ఫోన్లో ఏదో చూసుకుని. ఆ సంగతి బుజ్జికి ఎవరు చెప్పాలి?

ఇంటికొచ్చి అన్నం మానేశాడు. మానేయడమంటే ఇంట్లో మానేయడం. సెంటర్లో బండి దగ్గర తిన్న పునుగులు లెక్కలోకి రావు. రెండోపూట చెల్లెలు కంచం పట్టుకుని మేడ మీదికెళ్లింది.

"గోంగూర పచ్చడి నూరింది అమ్మ. ఉల్లిపాయ కూడా కోసింది."

"నాకొద్దని చెప్పు." కాసేపాగి, "పప్పేంటి?" అన్నాడు.

ఈ విషయంలో బుజ్జిని తప్పుపట్టలేం. కూచిపూడి వాళ్లకి ఎంతో దూరం కాదు. సిద్ధేంద్రయోగి భామాకలాపం చలవ వల్ల, అలక మీదే ఒక నాట్యసంప్రదాయం నిలబడిపోయిన ఊరది. ఆ సత్యభామ వేషం తరతరాలుగా కట్టింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణశర్మ గారికి దేశమంతా పేరొచ్చింది ఆ వేషంతోనే. కాబట్టి మగాడు అలగడం మా జిల్లాలో శాస్త్రీయ కళ. చిక్కేమిటంటే, సత్యభామ అలిగితే చెప్పుకోవడానికి మాధవి ఉంటుంది, బతిమాలడానికి కృష్ణుడొస్తాడు. బుజ్జి మేడ ఎక్కి బతిమాలవలసిన మనిషి మర్నాడే రైలెక్కి బందరు వెళ్లిపోయాడు.

అన్నం పనిచెయ్యలేదు గనక మీసం పెంచాడు. దీనికీ పెద్దల దారి ఉంది. నిమ్మకూరు బిడ్డ రామారావు బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదివే రోజుల్లో, విశ్వనాథ సత్యనారాయణ గారు 'రాచమల్లుని దౌత్యం' నాటకంలో ఆయనకి నాగమ్మ వేషం ఇచ్చారు. వేషం వేస్తానుగానీ మీసం తియ్యనన్నాడా కుర్రాడు. మీసంతోనే వేశాడు. 'మీసాల నాగమ్మ' అని పేరుపడింది. ఆ మనిషే 1982లో తెలుగువాళ్ల ఆత్మగౌరవమంటూ పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయ్యారు. 1983 ఎన్నికల్లో ఆయన గెలిచిన రెండు సీట్లలో ఒకటి గుడివాడ. బుజ్జి లెక్కలో ఈ రెండు సంగతులకీ మధ్య నలభై ఏళ్ల చాకిరీ లేదు, మీసమొక్కటే ఉంది. గుడివాడ దగ్గరి రామాపురంలోనే పుట్టిన అక్కినేని కుర్రతనంలో పేచీ పెట్టకుండా ఆడవేషాలు కట్టి పైకొచ్చారు. చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయినా, గుడివాడ కాలేజీకి ఆయన పేరే నిలిచింది. బుజ్జి డిగ్రీ పట్టా ఆ కాలేజీదే. ఆదర్శం మాత్రం మీసం.

మీసం తర్వాత గొలుసు. మేనమామ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి బుజ్జి చొక్కా పైగుండీ తీసేసి, చిటికెనవేలంత లావు గొలుసు బయటికి వేసుకుని వెళ్లాడు. మావయ్య ప్రసాదం చేతిలో పెడుతూ ఒక్క చూపు చూశాడు.

"చిలకలపూడిదేనా? ఎంతకిచ్చాడు? ముందే చెప్పుంటే తెలిసినవాడి దగ్గర తక్కువలో ఇప్పించేవాణ్ణి కదరా."

రోల్డుగోల్డుకి దేశమంతా పేరుమోసిన చిలకలపూడి బందరులోనే ఉందని బుజ్జికి తెలియక కాదు. కోపంలో ఉన్నవాడికి భూగోళం గుర్తుండదు. పైగా మావయ్య అక్కడితో ఆగలేదు. బందరు పెద్దమనిషికి శ్రోత దొరికితే జాతీయ కళాశాల దాకా వెళ్లకుండా ఉండడు.

"రోషమంటే మా ఊరిదిరా. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడి వెళ్లాడు. మన చదువు మనమే చెప్పుకుందామని కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి గారు పట్టుబట్టి 1910 కల్లా కళాశాల పెట్టేశారు. ఆ పట్టాభి గారే 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. రోషమొచ్చినవాడు ఏదో ఒకటి పెట్టాలి. మెళ్లో గొలుసు పెట్టుకోవడం కాదు."

బుజ్జి చెరువు పెట్టాడు.

నాగాయలంక దగ్గర రెండెకరాల రొయ్యల చెరువు, ఏడాది లీజు. నాన్న సార్వా ధాన్యం డబ్బులిచ్చాడు, ఇచ్చేటప్పుడు మూడుసార్లు లెక్కపెట్టాడు. అమ్మ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకుంది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చిన దగ్గర్నుంచి ఇటువైపు వరి చేలెన్నో చెరువులయ్యాయి. అందులో డబ్బు చేసుకున్నవాళ్లూ ఉన్నారు, బంగారం కుదవపెట్టినవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లు సెంటర్లో కనపడతారు, రెండోవాళ్లు కనపడరు. బుజ్జి సెంటర్లో కనపడ్డవాళ్లని చూసి దిగాడు.

సీడు వదిలిన రోజునుంచి వాట్సాప్ స్టేటస్సులు మొదలయ్యాయి. ఏరియేటర్ తిరుగుతున్నప్పుడు ఒకటి, మేత బస్తా భుజాన వేసుకుని ఒకటి, చెరువుగట్టు మీద చేతులు కట్టుకుని సూర్యుడికి ఎదురుగా ఇంకొకటి. పెట్టిన ప్రతిదీ ఎవరెవరు చూశారో తీసి చూస్తాడు. వందమంది చూసినా అతనికి కావలసింది ఒక్క పేరు. ఆ పేరు రోజూ తెల్లవారుజామున ఐదింటికల్లా వచ్చేసేది. మావయ్య లేవగానే మొట్టమొదట నా రొయ్యలే చూస్తున్నాడు, కడుపు మండిపోతోంది అని బుజ్జికి ఎంత తృప్తో. నన్నడిగితే బుజ్జికి పట్టుదల ఏనాడూ తక్కువ కాలేదు. తక్కువైందల్లా మతిమరుపే.

రెండో నెల నుంచి చెరువు అతన్ని వాయించింది. రోజుకి నాలుగుసార్లు మేత. వేశాక కాసేపటికి చెక్ ట్రే పైకి లాగి ఎంత తిన్నాయో చూడాలి. మిగిలితే తగ్గించాలి, నున్నగా తినేస్తే పెంచాలి. ట్రేలోంచి ఒక రొయ్యని రెండువేళ్ల మధ్య పట్టుకుని టార్చికి అడ్డం పెడితే, అద్దంలాంటి వీపులోంచి తలనుంచి తోకదాకా పేగు నల్లటి దారంలా కనపడుతుంది. దారం తెగకుండా ఉంటే ఆ పూటకి నిద్రపోవచ్చు. మధ్యలో తెగినా, తెల్లగా కనపడినా నిద్రలేదు. వేకువజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది; అప్పుడే కరెంటు పోతే జనరేటర్ వేసేదాకా ప్రాణం నోట్లోనే. ఏరియేటర్ల రొద మధ్య గాఢంగా నిద్రపోవడం, రొద ఆగిందంటే దిగ్గున లేవడం బుజ్జికి అలవాటైంది. మీసం ఎటు తిరిగి ఉందో చూసుకునే తీరిక పోయింది. ఆ నెలంతా స్టేటస్ ఒక్కటీ పెట్టలేదు.

ఒకరోజు వాయుగుండం పట్టింది. రాత్రంతా పాక ఊగిపోయింది. తెల్లారాక బుజ్జి కాపలా మనిషితో "చూశావా తాతా, ఈ గాలిలో కూడా గట్టు వదల్లేదు" అన్నాడు. ముసలాయన టీ వడపోస్తూ "ఇది గాలేంటి బాబూ" అన్నాడు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి పదేళ్లు. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు సర్కారు లెక్కల్లోనే పదివేల దాకా ఉన్నారు. ఆయన ఇంట్లోవాళ్లు ఎందరో బుజ్జి అడగలేదు. జీవితంలో అతనికి రోషం రాని మాట బహుశా అదొక్కటే.

ఈ మధ్యలో చెల్లెలు సంగతి చెప్పడం మర్చిపోయాను. వాళ్లింట్లోనూ అందరూ మర్చిపోయారు. కంచం పట్టుకుని మేడలెక్కిన ఆ పిల్ల డీఎస్సీ కోచింగుకి అవనిగడ్డ వెళ్లి, రాష్ట్రం నలుమూలలనుంచీ వచ్చిన అమ్మాయిలతో ఒక గదిలో సర్దుకుని చదువుకుంది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఒకటి తెచ్చుకుంది. ఆమెని నీవల్ల కాదని ఎవరూ అనలేదు. అవుతుందా అని కూడా ఎవరూ అడగలేదు. ఫలితాలు తెలిసిన రోజునే చెరువు పట్టుబడి పడటంతో, ఇంట్లో మాటలన్నీ రొయ్యల మీదే నడిచాయి.

పట్టుబడి బాగానే వచ్చింది. నలభై కౌంటు, అంటే కిలోకి నలభై తూగాయి. లీజు, మేత, డీజిలు పోను మిగిలిందెంతో బుజ్జి నోరు విప్పలేదుగానీ, నాన్న ఈసారి డబ్బు ఒక్కసారే లెక్కపెట్టాడు. ఐదు కిలోలు మంచి రొయ్యలు ఏరి, ఐసు పెట్టెలో సర్దుకుని, బుజ్జి బండి మీద బందరు బయల్దేరాడు. చల్లపల్లి దాటేదాకా ఏమనాలో పైకే చెప్పుకుంటూ వెళ్లాడు.

మావయ్య వసారాలో ఇద్దరు పెద్దమనుషులతో కూర్చుని ఉన్నాడు. బుజ్జి పెట్టె దించి మూత తీశాడు.

"మావయ్యా, ఆవేళ పెళ్లిలో మీరు నీవల్ల కాదన్నారు. గుర్తుందా?"

"ఏ పెళ్లిరా?"

"సాంబారు బకెట్టు…"

"బకెట్టేంటి?"

పాపం బుజ్జి విస్తరి నంబరుతో సహా అంతా విడమర్చి చెప్పవలసి వచ్చింది. మావయ్య శ్రద్ధగా విన్నాడు. మొహం వెలిగిపోయింది. పక్కవాళ్లకేసి తిరిగి, "చూశారా? నేనామాట అనబట్టే కదా వీడివాళ ఇంతవాడయ్యాడు! మేనమామ అన్నాక ఆమాత్రం బాధ్యత ఉండాలి" అన్నాడు. పెద్దమనుషులు ఆయన్ని మెచ్చుకున్నారు. తన అవమానానికి సాక్ష్యం తనే చెప్పి, ఫలం ఆయన ఖాతాలో వేసి వచ్చినట్టైంది బుజ్జి పని.

పోనీ స్టేటస్సులైనా చూశారుగా అని అడగబోతే, లోపలినుంచి అత్తయ్య అందుకుంది. "మీ మావయ్యకి స్టేటస్ ఎక్కడుంటుందో కూడా తెలీదురా. పాలవాడికోసం లేచినప్పుడు ఆయన ఫోను నేనే చూస్తా. మధ్యలో మానేశావేం? నీ రొయ్యలు భలే ఉండేవి."

భోజనాల దగ్గర రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించుకుంటూ మావయ్య, "వనామీయేగా. టైగర్ రుచి దీనికెక్కడిది" అన్నాడు.

"ఆ టైగర్ సంగతి నన్ను చెప్పమంటారా?" అంది అత్తయ్య గరిటె ఆపి. "94లో మా నాన్న నవ్వుతూ 'వ్యవసాయం అల్లుడుగారికి అచ్చిరాదులే' అన్నాడని, ఉన్న ఎకరంన్నర తవ్వించి టైగర్ వేశారు. తెల్లమచ్చ తగిలి చెరువు మొత్తం తేలిపోయింది. నా గాజులు అప్పుడే పోయాయి. మా నాన్ననడిగితే, నేనెప్పుడన్నానమ్మా అలా, అన్నాడు."

మావయ్యకి పొలమారింది. మంచినీళ్లు తాగి మాట మార్చబోయాడుగానీ, భోజనానికి ఆగిన పెద్దమనుషుల్లో ఒకాయన టైగర్‌ని వదల్లేదు. "ఈమధ్య మళ్లీ మంచి సీడు వస్తోందంటున్నారు. అయినా అది పాతకాపుల పనండీ. ఇప్పటి కుర్రాళ్లు వనామీతో సరిపెట్టుకోవాలి" అన్నాడు.

బుజ్జి చెయ్యి కంచంలో ఆగింది.

"అత్తయ్యా," అన్నాడు తలెత్తకుండానే. "మావయ్య తవ్వించిన ఎకరంన్నర ఇప్పుడెవరి లీజులో ఉంది?"