చాట్ ప్లగిన్: వినకూడని ఐదు సలహాలు

ధర్మవరంలో పెళ్లిచీర బేరం ఇప్పుడు చాట్‌లోనే మొదలవుతోంది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ‘మన మిత్ర’ వచ్చాక ప్రభుత్వ సేవలూ వాట్సాప్‌లో అందుతున్నాయి. మన అంగడి చాట్‌కు ఆర్డర్లు, బిల్లులు చూపించే పని నేర్పడానికి తగిలించే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. దాన్ని పెట్టించేటప్పుడు తెలిసినవాళ్లు మన మేలు కోరి కొన్ని సలహాలు చెబుతారు. ఈ ఐదూ మాత్రం వినకండి.

1. “లాగిన్ పెట్టాం, ఇంకేం భయం?”
హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లోకి వెళ్లినంత మాత్రాన పక్క రైతు లాట్ డబ్బు మీ చేతికి రాదు. ఆ లాట్ ఎవరిదో చూసే ఇస్తారు. లాగిన్ చెప్పేది మనిషెవరో మాత్రమే. అతను ఏది చూడొచ్చు, ఏది మార్చొచ్చు అన్నది ప్రతిసారీ విడిగా తేల్చాలి.

2. “ఆర్డర్ నంబరు చెబితే చూపించెయ్.”
1045 నంబరు ఆర్డర్ ఉన్న ఖాతాదారు 1046 అని కొడితే ఇంకొకరి ఫోను, చిరునామా బయటపడతాయి. ఈ లోపానికి నిపుణులు పెట్టిన గుర్తు సీడబ్ల్యూఈ-639. అమెరికాలో ఫస్ట్ అమెరికన్ సంస్థ వెబ్‌సైట్‌లో లింకులోని అంకె మారిస్తే చాలు, ఇతరుల పత్రాలు తెరుచుకునేవి. 2019లో ఇది బయటపడేసరికి అలా దొరికే పత్రాలు దాదాపు 88.5 కోట్లు.

3. “అనుమతి లేనివాళ్లకు బటన్ కనపడకుండా దాచేద్దాం.”
పెనుకొండ కోట గుమ్మానికి తెర కడితే తాళం వేసినట్టు కాదు. బటన్ లేకపోయినా, తెలిసినవాడు ఆ ఆదేశాన్ని నేరుగా సర్వర్‌కు పంపగలడు. తనిఖీ జరగాల్సింది సర్వర్‌లోనే.

4. “ప్లగిన్‌కు అన్ని అనుమతులూ ఇచ్చెయ్, మళ్లీ మళ్లీ అడగదు.”
అప్పుడది యజమాని అధికారంతో పనిచేస్తుంది. అడిగినవాడికి హక్కుందో లేదో చూడకపోతే, ఎవరడిగినా తెచ్చి ఇస్తుంది. ఆర్డర్లు చూపించే ప్లగిన్‌కు ఆర్డర్లు చదివే అనుమతి చాలు.

5. “మనది చిన్న అంగడి, ఎవరు చూస్తారు?”
లోపాలు వెతికే ప్రోగ్రాములు అంగడి సైజు చూడవు. అనుమతుల తనిఖీ లోపం వెబ్ భద్రతా ముప్పులను వరుసపెట్టే ఓవాస్ప్ సంస్థ 2017 జాబితాలో ఐదోది, 2021లో మొదటిది.

ఈ రాత్రే రెండు ఖాతాలు తెరవండి. ఒకదాని నుంచి రెండోదాని ఆర్డర్ అడగండి. చూపిస్తే ప్లగిన్ ఆపేసి, తయారుచేసినవారికి చెప్పండి. సరిచేసిన వెర్షన్ వచ్చాక మళ్లీ ఇదే పరీక్ష పెట్టండి. కూతురి పెళ్లిచీర కోసం ఒక తల్లి మనల్ని నమ్మి ఇంటి చిరునామా ఇచ్చింది. అది ఇంకొకరి కంట పడకుండా చూడటం మన పూచీ.