హార్థికమంట, హార్థికం!

చిలకలూరిపేట సెంటర్లో తలెత్తితే ఫ్లెక్సీల సందుల్లో ఆకాశాన్ని వెతుక్కోవాలి. అన్నిటి మీదా 'హార్థిక శుభాకాంక్షలు'. గుండెలోంచి వచ్చేది హార్దికం అయ్యా! వీళ్లు ఆర్థికానికి హకారం తగిలించారు. ఫ్లెక్సీ ఖర్చు తలుచుకుంటే అదీ నిజమేననుకోండి.

సాధించినదానికి అభినందన. జరగబోయేదానికి శుభాకాంక్ష. ఎలక్షన్లో గెలిచినోడికి మొదటిది, పరీక్షకు పోయేవాడికి రెండోది. ఇప్పుడు పుట్టినరోజుకీ అభినందనలే! పుట్టడంలో వాడు చేసిన ఘనకార్యమేంది? చెప్పేదేదో వాళ్లమ్మకు చెప్పండి.

మా రోజుల్లో ఈ రెండు మాటలూ సన్మాన సభల్లోనే వినపడేవి. ఇళ్లల్లో లెక్క వేరు. పరీక్ష పాసైనోడు కాళ్లకు దండం పెడితే "సంతోషంరా, వృద్ధిలోకి రా" అనేవాళ్లు పెద్దలు. ఈడువాడైతే వీపు మీద ఒక చరుపు, "శెభాష్!" బండలాగుడు పందెంలో ఒంగోలు గిత్తలకూ అదే శెభాష్. అది పారసీ మాటంటారు చదువుకున్నోళ్లు. అయితే ఏం, మనదైపోయింది. ఇప్పుడు అన్నిటికీ వాడే కంగ్రాట్స్ మీద నా కోపం పరాయిదని కాదు. పదో క్లాసుకీ, పాప పుట్టినందుకీ, కొత్త బండికీ అదొక్కటే కొలతా?

"మీ టెలిగ్రాముల్లో నంబర్లు వేయలేదా తాతయ్యా?" అంటాడు మనవడు. వేశాం. పెళ్లికి 8 అని రాస్తే శుభాకాంక్ష అచ్చయి వెళ్లేది. 2013 జులైలో అదీ మూసేశారు. కానీ ఆ ఒక్క అంకెకైనా ఆఫీసు దాకా నడిచి డబ్బు కట్టాలి కదా!

అసలు మా వైపు ఎదురుగా మెచ్చుకోవడమే తక్కువ. మిరప కల్లంలో నిలబడి "ఎంత కాసిందిరా!" అంటే రైతు మొహం మాడిపోయేది. గుంటూరు యార్డులో మంచి రేటు పలికినా "ఏదో, పెట్టుబడి వచ్చింది" అనేవాడు. "పోన్లే" అనేవాళ్లం మేం. అందులోనే అంతా ఉండేది. చంటిపిల్లను ఎవరన్నా ముద్దొస్తుందన్నారా, సాయంత్రం ముసలమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే.

ఇప్పుడు పిల్ల కళ్లు తెరవకముందే ఫొటో వాట్సాప్ గ్రూపులో. ఊరంతా కంగ్రాట్స్. అంతమంది దిష్టి తీయాలంటే ఎన్ని టిక్కీల (బస్తాల) కాయ కావాలో యార్డులో కమిషన్ వ్యాపారిని అడగండి.