రాయి వేసినవాడు మావాడు కాడు

2016 జనవరి 31న తుని దగ్గర రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. అంతవరకూ అన్ని పార్టీలదీ ఒకే మాట. తగలబెట్టిందెవరన్న దగ్గరే పేచీ.

ఆ రోజు అక్కడ రిజర్వేషన్ల కోసం పెట్టిన కాపు గర్జన సభకు జనం వచ్చినంతసేపూ వాళ్లంతా మావాళ్లే. మొదటి రాయి పడగానే అందులో మావాడు ఒక్కడూ లేడు. ఇది బయటి జిల్లాల నుంచి వచ్చినవాళ్ల పని అని నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు తేల్చేశారు. ఈ బయటివాళ్లు మన రాజకీయాలకు దొరికిన వరం. వాళ్లకు ఓటు ఉండదు, కులం ఉండదు, తిడితే ధర్నా చేయడానికి సంఘం ఉండదు. ఏ ఊళ్లో మంటలు లేచినా పెట్రోలు సీసాతో వేళకు దిగుతారు, ఎఫ్ఐఆర్ రాసేలోపు మాయమవుతారు. ఇంత క్రమశిక్షణ గల కార్యకర్తలు ఏ పార్టీకీ లేరు.

చట్టం తన పని తాను చేసుకుపోతుందని నాయకులు అంటుంటారు కదా. ఏడేళ్లు చేసుకుంటూ పోయింది. 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు 41 మంది మీద కేసు కొట్టేసి, దర్యాప్తు తీరును తప్పుపట్టింది. దానిపై అప్పీలుకు వెళ్లాలంటూ 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఓ జీవో ఇచ్చింది. సిరా ఆరకముందే రద్దు చేసింది. ఆ జీవో కూడా బయటివాళ్ల పనే కాబోలు.

అమలాపురం కథ ఇంకా రుచిగా ఉంటుంది. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ మొదలైన నిరసనలో మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇల్లు, బస్సులు తగలబడ్డాయి. ప్రతిపక్షాలు రెచ్చగొట్టాయంది నాటి వైసీపీ ప్రభుత్వం. ప్రభుత్వమే చేయించుకుందన్నాయి ప్రతిపక్షాలు. అనుమానితుడిగా పేరొచ్చిన ఓ కుర్రాడు జనసేన వాళ్లతో దిగిన ఫొటోలు వైసీపీ బయటపెడితే, అదే కుర్రాడు వైసీపీ నేతలతో దిగిన ఫొటోలు జనసేన బయటపెట్టింది. పాపం, ఎవరు పిలిచినా వెళ్లి పక్కన నిలబడి నవ్వినట్టున్నాడు. ఫొటో దిగేటప్పుడు భుజం మీద చెయ్యి వేసినవాళ్లెవరికీ ఆ తర్వాత అతని మొహం గుర్తు రాలేదు. ఏడాది తిరక్కుండానే, సొంత మంత్రి ఇల్లు కాలిన ఆ ప్రభుత్వమే కేసులు ఎత్తేస్తామంది. సామరస్యం కోసమట. ఎన్నికలు దగ్గరపడుతుంటే సామరస్యం దానంతటదే పొంగుకొస్తుంది.

చట్టాలకేం కొదవ లేదు. ప్రభుత్వ ఆస్తికి నిప్పు పెడితే పదేళ్ల దాకా జైలని 1984 చట్టం చెబుతోంది. కాల్చినవాళ్లే కాదు, కార్యక్రమం పెట్టిన నిర్వాహకులూ నష్టం పంచుకోవాలని 2009లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఆ కేసు శీర్షికలో ప్రతివాది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. అంటే తీర్పు అందలేదని చెప్పుకునే వీలు కూడా మనకు లేదు. అయినా తునిలో కాలిన పెట్టెల ఖర్చు మోసింది టికెట్ కొన్నవాళ్లూ, పన్ను కట్టినవాళ్లూ. వాళ్లయితే పారిపోరు, అడ్రసు ఉంటుంది.

బాధ్యత గట్టిగా పట్టుకున్న చోటు ఒకటుంది. 2022 జూన్ 17న సైన్యంలో నాలుగేళ్ల కొలువుల పథకమైన అగ్నిపథ్ మీద కోపంతో సికింద్రాబాద్ స్టేషన్‌లో కుర్రాళ్లు రైళ్లు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. వెనక కేంద్రం ఉందా, రాష్ట్రం ఉందా, కోచింగ్ అకాడమీలున్నాయా అని పెద్దలు వాదులాడుకుంటుండగానే సైన్యం ఓ షరతు పెట్టింది: నిరసనల్లో, విధ్వంసంలో పాల్గొనలేదని చేరాలనుకునే ప్రతివాడూ రాసివ్వాలి, పోలీసులు సరిచూస్తారు. నాలుగేళ్ల ఉద్యోగానికే ఇంత పరీక్ష. ఐదేళ్ల ఉద్యోగానికి వేసే నామినేషన్ పత్రంలోనూ ఆ ఒక్క గడి చేర్చమని ఎన్నికల సంఘానికి నా మనవి. మన నాయకులెవరూ అభ్యంతరం చెప్పరు. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ సంతకం పెడతారు. నిజమే కదా, వాళ్లలో ఏ ఒక్కరూ స్వయంగా అగ్గిపుల్ల గీయలేదు.