దేవుని చిత్తం తెలిసేదాకా ఆగొద్దు

బైరెడ్డిపల్లె చుట్టుపక్కల ఏ చర్చిలోనైనా ఆదివారం ఆరాధన ముగిశాక యౌవనస్థులు చెప్పే ప్రార్థన మనవి ఒకటే. "అక్కా, నా లైఫులో దేవుని చిత్తం ఏందో తెలీడంలేదు. నడిపింపు కోసం ప్రార్థన చెయ్యండి." డిగ్రీ అయిపోయి ఉంటుంది. నాయన ఏమీ అనడు, అమ్మ మాత్రం పొయ్యికాడ గొణుగుతూ ఉంటుంది. ఆ బిడ్డల కోసమే ఇది రాస్తున్నాను. నేను చెప్పబోయేవాటిని పెద్దలు తలకిందుల సలహాలంటారు. మా సంఘంలో కొందరు ఇప్పటికే అన్నారు. అయినా మార్చను. వాక్యం శ్రద్ధగా చదివే మంచి పిల్లలు సూచన కోసం ఎదురుచూస్తూ బంగారంలాంటి వయసును కూర్చునే గడిపేస్తున్నారు. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

ముందుగా, నడిపింపు కోసం ప్రార్థించడం కొన్నాళ్ళు మానెయ్. ప్రార్థనే మానమనడం లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడగమన్నది ఆ పూట ఆహారం. పదేళ్ళ తర్వాత రాబోయే ఉద్యోగం మాట అందులో లేదు. పొద్దున లేచి ఆ రోజు పనుల కోసం అడుగు. పక్కింటి అవ్వ షుగర్ మాత్రలు అయిపోయినాయి, చెల్లెలికి ఇంటర్ ఫీజు కట్టాలి, టమోటాకు మందు కొట్టాలి. పేరుపేరునా వాటి గురించి అడిగి, లేచి పోయి ఆ పని చెయ్. కొన్నాళ్ళకు నీ ప్రార్థనలో "నేను" తగ్గి మిగతావాళ్ళ పేర్లు పెరుగుతాయి. పిలుపు మన గుండెలోంచి వస్తుందని చెబుతారు గానీ, నేను చూసినంతలో అది ఎదుటివాళ్ళ అవసరంలోంచే ఎక్కువగా వస్తుంది.

అలా వచ్చిన పిలుపు ఒకటి చెబుతాను. జబ్బు ముదిరితే మనం పోయేది వేలూరు సీఎంసీకి. ఆ ఆసుపత్రి కథ మన యూత్ మీటింగుల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. తాత, తండ్రి ఇద్దరూ మిషనరీ డాక్టర్లు. మదనపల్లెలో పనిచేసిన ఆర్కాట్ మిషనే వాళ్ళదీను. ఆ పిల్లకు మాత్రం మిషనరీ కావాలని లేదు. అమెరికాలో చదువు ముగించుకుని, అమ్మకు ఒంట్లో బాగాలేదంటే కొన్నాళ్ళు చూసుకుని పోదామని తిండివనం వచ్చింది. ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మగవాళ్ళు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు నొప్పుల్లో ఉన్నారు. వాళ్ళలో ఒకాయన బ్రాహ్మడు, ఒకాయన ముస్లిం. మా నాయన డాక్టరు, ఆయన్ని తీసుకుపోండి అంటే, మగ డాక్టరు ముట్టుకోకూడదని వెనక్కి తిరిగిపోయారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఆ పిల్ల ఆ రాత్రికి ముందు దేవుణ్ణి సూచన అడగలేదు. తలుపు తట్టినవాళ్ళకు ఇవ్వడానికి తన చేతిలో ఏమీ లేదని తెలుసుకుంది. ఆ లేనిదాన్ని నేర్చుకోవడానికి అమెరికా తిరిగిపోయింది. 1899లో కార్నెల్‌లో వైద్య పట్టా తీసుకుంది, 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచింది. ఇప్పుడు మన ఊళ్ళ నుంచి బస్సెక్కి పోతున్నది ఆ చోటుకే.

కాబట్టి ఒక నోటుబుక్కు తీసుకో. ఈ ఏడాది నీ తలుపు తట్టినవాళ్ళెవరో రాయి. పింఛను కాగితం చదివిపెట్టమని వచ్చిన తాత, ఆన్‌లైన్‌లో అప్లికేషను పెట్టమన్న వదిన, బిడ్డకు లెక్కలు చెప్పమన్న పాలాయన, బోరు మోటరు చూడమన్న మామ, చావింట్లో పాట పాడమన్నవాళ్ళు. ఒకే రకం పని కోసం మళ్ళీ మళ్ళీ జనం వస్తున్నారంటే, దాన్ని నీకు తెలిసినంతతో నెట్టుకురావద్దు, పద్ధతిగా నేర్చుకో. ఐటీఐలోనో, నర్సింగులోనో, బీఈడీలోనో చేరు. దేవుని చిత్తం ఇదేనా అని నన్నడిగితే, నీ తలుపు తట్టినవాళ్ళని చూపిస్తాను.

బైబిల్లో ఉన్నవాళ్ళను చూడు. సౌలు రాజ్యం కోసం ఇంట్లోంచి బయల్దేరలేదు, నాయన తప్పిపోయిన గాడిదల్ని వెతకమంటే బయల్దేరాడు. పౌలును ఆత్మ ఆసియలో బోధించనియ్యలేదు, బితూనియకూ పోనియ్యలేదు. రెండు తలుపులు మూసుకున్నా ఆయన ఎక్కడా కూలబడలేదు, నడుస్తూనే త్రోయ దాకా పోయాడు. మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడింది అక్కడే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దానం కార్డును ఉద్యోగం ఆర్డరు అనుకోవద్దు. ఈ మాటకే నా మీద ఎక్కువ కోపం వచ్చింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఆ కార్డుల్లో తరచుగా వచ్చేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. మేలు, నిరీక్షణ గురించిన మాట. బీరువా తలుపుకు అంటించుకుంటాం. అది ఒక ఉత్తరంలోని మాట. ఆ ఉత్తరం పోయింది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అన్నీ తిరిగొస్తాయని చెప్పాడు. జనానికి ఆ మాట ఎంతో నచ్చి ఉంటుంది. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్ళని రాశాడు. అంటే ఆ ఉత్తరం చదివినవాళ్ళలో చాలామంది అక్కడే చనిపోతారు. మరి ఏం చెయ్యమన్నాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న ఆ పట్నం మేలు కోరి దాని కోసం ప్రార్థించండి అన్నాడు. మీలో ఉన్న ప్రవక్తల చేత మోసపోవద్దనీ ఆ ఉత్తరంలోనే ఉంది. పదకొండో వచనం మాత్రం కత్తిరించుకుని మిగతాది వదిలేస్తే, అసలు చెయ్యాల్సిన పని అంతా చేజారిపోయినట్టే.

బెంగళూరు పీజీల్లో ఉండే మన పిల్లలు, కోలారు పక్కన నరసాపుర ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే మన పిల్లలు ఆ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. "ఇది తాత్కాలికమక్కా, దేవుడు అసలు దారి చూపిస్తాడు" అంటూ ఏళ్ళ తరబడి సంచి విప్పకుండా బతుకుతున్నారు. సంచి విప్పు. మన సరిహద్దులో పుట్టినవాళ్ళకు కన్నడం చెవికి తెలుసు, అక్షరాలు కూడా నేర్చుకో. దగ్గర్లో ఒక సంఘం చూసుకుని అక్కడ కుర్చీలు సర్ది పెట్టు. రూములో కూడా ఉండే పిల్లాడికి జ్వరమొస్తే గంజి కాచిపెట్టు. పీఎఫ్ కట్ అవుతుందో లేదో చూసుకో. నువ్వు తాత్కాలికం అనుకుంటున్న ఆ రోజులే నీ బతుకు.

ఆల్‌నైట్ ప్రేయర్‌కు పోవద్దని చెబితే పాస్టరమ్మ నొచ్చుకున్నారు. అందరికీ చెప్పిన మాట కాదది. కౌండిన్య అడవి అంచున చేలున్న ఇళ్ళ పిల్లలకు చెప్పాను. ఏనుగులు దిగే కాలంలో నాయన ఒక్కడే టార్చిలైటు పట్టుకుని చేనుకాడ మేలుకుంటే, కొడుకు మందిరంలో మైకు ముందు మేలుకుంటాడు. ఆ రాత్రి నాయన దగ్గరికి పో. ప్రార్థన అక్కడ చేసుకో. నాయన్ని పడుకోనిచ్చి నువ్వు కాపలా కాస్తే, ఆయన జీవితంలో మొదటిసారి నిన్నొక మనిషిగా చూసి అప్పెంతుందో, భూమి ఎవరి పేరుతో ఉందో, నీ గురించి ఏం అనుకుంటున్నాడో చెబుతాడు. నీ దారి తేలాలంటే ఆ లెక్కలు కావాలి. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఏనుగు దగ్గరికొస్తే విశ్వాసం చూపించొద్దు, ఫారెస్టువాళ్ళకు ఫోన్ చెయ్.

బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు స్టేజీ మీద నీ నెత్తిన చెయ్యి పెట్టి "నువ్వు దేశాలు తిరుగుతావు" అని ప్రవచిస్తే, ఆమెన్ అను గానీ దాన్ని బట్టి నీ బతుకు నడపొద్దు. ఇందుకు మదనపల్లెలో 1895లో పుట్టిన ఒక పిల్లాడిని గుర్తుచేస్తాను. ఆయన క్రైస్తవుడు కాదు, ఆయన బోధ నాకు సమ్మతమూ కాదు. అయినా జిడ్డు కృష్ణమూర్తి కథ మనవాళ్ళకు తెలియాలి. 1909లో మద్రాసు అడయారు సముద్రపు ఒడ్డున ఒక పెద్దాయన ఆ పిల్లాణ్ణి చూసి, లోకానికి రాబోయే గురువు ఇతడే అన్నాడు. 1911లో ఆ పిల్లాడి కోసం ఒక సంస్థే పెట్టారు. చదువు, బట్టలు, ప్రయాణాలు అన్నీ ఆ ప్రవచనం ప్రకారమే నడిచాయి. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఒమెన్‌లో, వేలమంది ముందు నిలబడి, ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆ సంస్థను ఆయనే రద్దు చేశాడు. ఇంకొకరు తన మీద వేసిన పాత్ర తనది కాదని చెప్పడానికి అన్నేళ్ళు పట్టింది. నీకు అన్నేళ్ళు పట్టకూడదనే నా తాపత్రయం.

సేవకు పిలుపు వచ్చిందనిపిస్తే ముందు ఉద్యోగంలో చేరు. బైబిలు కాలేజీ ఎక్కడికీ పోదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. నెల జీతం తీసుకుని, బియ్యం కొని, పై అధికారి మాట పడి, మళ్ళీ మరుసటి రోజు పనికి పోయిన మనిషి చెప్పే ప్రసంగంలో బరువుంటుంది. కానుకల మీదే ఆధారపడ్డవాడు కానుక వేసేవాళ్ళ తప్పును తప్పని చెప్పలేడు. పైగా ప్రసంగం ఒక్కటే పరిచర్య కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో కొన్ని మిషన్లు కలిసి క్షయ ఆసుపత్రి తెరిచాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమాట్ మొల్లర్ దాన్ని నిలబెట్టాడు. మన దేశంలో బీసీజీ టీకా 1948లో మొదట వేసిందీ మదనపల్లెలోనే. సూది పట్టుకున్నవాళ్ళెవరూ మన సభల పోస్టర్ల మీద ఉండరు. నాకు వాళ్ళే ఆదర్శం.

సర్కారు ఉద్యోగం కోసం చదివేవాళ్ళు గడువు పెట్టుకోండి. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ పెద్ద ఎత్తున టీచరు పోస్టులు నింపింది 2025లో, 16,347 పోస్టుల నోటిఫికేషనుతో. ఆ ఏడేళ్ళూ ఉపవాసాలుండి కాచుకున్నవాళ్ళు నాకు తెలుసు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివినవాళ్ళూ తెలుసు. ఉద్యోగం రాకపోయినా రెండోవాళ్ళు నిలబడ్డారు.

కులం కాగితాల దగ్గర విశ్వాసం మాట ఎత్తొద్దు. ఇది ఎవరూ మందిరంలో మాట్లాడరు గనక నేను మాట్లాడతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషను 1 శాతం. మతం మారితే పేటలో ఇల్లు మారదు, టీ హోటల్లో చూపు మారదు, హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయమని నా నమ్మకం. దీనిపై కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది, 2023లో మన శాసనసభ తీర్మానం చేసింది. కానీ నీ అప్లికేషను ఫారం ఇవాళ్టి చట్టం ప్రకారమే చూస్తారు. "ఎవరు చూడొచ్చారులే" అనే మామ మాటా వినొద్దు, "దేవుడు చూసుకుంటాడు" అనే అన్న మాటా వినొద్దు. బాప్తిస్మం తీసుకునే ముందే ఈ సంగతంతా తెలుసుకుని, ఏం పోతుందో లెక్కవేసుకుని, కళ్ళు తెరుచుకుని నీళ్ళలోకి దిగు. అబద్ధం రాయకు. చట్టం మార్చాలని అడిగే సభలుంటే పోయి ముందు వరసలో కూర్చో.

చివరిది పెళ్ళి. గిద్యోను గొర్రెబొచ్చును తెచ్చుకుని "ఈ సంబంధం నీ చిత్తమైతే ఫలానా రోజు ఫోన్ రానీ ప్రభువా" అని పరీక్ష పెట్టొద్దు. గిద్యోనుకు ఏం చెయ్యాలో అప్పటికే స్పష్టంగా చెప్పబడింది. భయం తీరక ఆ బొచ్చు పరిచాడు. నువ్వు పరిచేది కూడా భయంతోనే. దానికి బదులు అవతలి మనిషితో కూర్చుని మాట్లాడు. జీతమెంత, అప్పెంత, అమ్మకు నెలకెంత పంపుతావు, కోపమొస్తే ఏం చేస్తావు, పెళ్ళయ్యాక నేను ఉద్యోగం చేస్తే మీ ఇంట్లో ఏమంటారు అని అడుగు. ఆడపిల్లలకు ఈ మాట ఇంకా గట్టిగా చెబుతున్నాను. మన సంఘాల్లో "ప్రార్థన చేసుకోమ్మా" అంటూ నోరు మూయించేది వాళ్ళనే.

అంతా విన్నాక మనసు కుదరకపోతే వద్దను. దానికి దేవుడి పేరు వాడొద్దు. "ప్రభువు వద్దన్నాడు" అని చెబితే అవతలి బిడ్డ ఎవరితో వాదించుకోవాలి? రాత్రుళ్ళు మోకరించి, నాలో ఏం లోపం చూశావని ఆయన్నే అడుగుతూ ఉంటుంది. నాకు కుదరలేదని నీ నోటితో నువ్వే చెప్పు.